నోటుబుక్కులో రాయని రోజులు

చిత్తూరు నుంచి ఒక చెల్లెమ్మ తొమ్మిది పేజీల ఉత్తరం రాసింది. పేరు వేయొద్దంది. వయసు 38, ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం 14 వేలు. తాతల కాలం నుంచి క్రైస్తవ సంఘంలో ఉన్న కుటుంబం. భర్త పెళ్లికి ముందు బాప్తిస్మం తీసుకున్నాడు. గూడ్స్ ఆటో నడుపుతాడు, దాంతోపాటు మూడెకరాల తోతాపురి మామిడి తోట కౌలుకి చేస్తాడు. ఏడో తరగతి చదివే బాబు ఉన్నాడు. అత్తగారు రెండిళ్ల అవతల ఉంటుంది. ఆమె కాణిపాకం వినాయకుణ్ని నమ్ముకున్న మనిషి.

పోయిన డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికని తీసుకునే బైబిలు వాక్యం చీటీ) తీస్తే ఈమెకి యిర్మీయా 29:11 వచ్చింది. మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే గానీ కీడుకి కావు అన్న వాక్యం. తెచ్చి బీరువా అద్దానికి అంటించుకుంది. 2025 మాత్రం ఇలా నడిచింది. జూన్‌లో మామిడి ధర పడిపోయింది. పల్ప్ ఫ్యాక్టరీ ముందు ట్రాక్టరు రెండు రాత్రులు క్యూలో ఉండిపోయింది, అడుగున ఉన్న కాయలు మెత్తబడ్డాయి, కౌలు డబ్బు కూడా రాలేదు. సెప్టెంబరులో ఒక సాయంత్రం ఏడింటప్పుడు వాళ్ల నాన్న చేతిలోంచి టీ గ్లాసు జారింది. మూతి ఒక పక్కకి వంకర పోయింది. ప్రార్థనాపరురాలని సంఘంలో పేరున్న ఒక అక్కని వాళ్లమ్మ పిలిపించింది. నూనె రాసి రాత్రి రెండు దాకా ప్రార్థన చేశారు. "హాస్పిటల్‌కి పోదామని నోటిదాకా వచ్చింది. అవిశ్వాసం అంటారని మింగేశాను" అని రాసింది. తెల్లవారి ఐదుకి భర్త లోడు దించి వచ్చి, చూసి, మాట్లాడకుండా అదే ఆటోలో రాయవేలూరు (వేలూరు) హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు. ఆరో రోజు నాన్న పోయారు. ఆదరణ కూడిక అయ్యాక అదే అక్క ఈమెని పక్కకి పిలిచి, "ఆ రాత్రి ఎవరిదో సందేహం ప్రార్థనకి అడ్డుపడింది. మీ ఇంట్లో ఏదో ఉంది, సరిచూసుకో. మీ అత్త మొక్కులు కూడా ఊరికే పోవు" అంది.

అప్పటినుంచి ఈమె ఒక నోటుబుక్కు పెట్టింది. బాబు పాత లెక్కల పుస్తకంలో వెనక మిగిలిన పేజీలు. ఎడమ పక్క తను చేసిన తప్పు, కుడి పక్క జరిగిన నష్టం. ఒక పేజీ చించి ఉత్తరంతో పంపింది. "అక్టోబరు 9: నాలుగు గంటల అలారం మోగినా లేవలేదు. బాబుకి జ్వరం." "అక్టోబరు 17: అత్త మీద కోప్పడ్డాను. గ్యాస్ అయిపోయింది." "నవంబరు 2: ఆరాధనలో కునుకు పట్టింది. ఆటో టైరు పంచరు." పొద్దున స్కూటీ తీసేముందు ప్రార్థన చేస్తుంది. మధ్యలో రోడ్డు మీద ఎవరైనా హారన్ కొడితే మళ్లీ మొదటినుంచి. వెనక కూర్చున్న బాబు "అమ్మా, బెల్లు కొట్టేస్తారు" అంటాడు.

అడిగినవి మూడు. సండే స్కూల్లో పిల్లలకి "దేవుడు ప్రేమ" అని నేర్పిస్తున్నాను, నాకే ఆ ప్రేమ మీద నమ్మకం నిలవడం లేదు, ఏం చేయాలి? జులై నుంచి దశమ భాగం (సంఘానికిచ్చే జీతంలో పదో వంతు) కట్టలేదు, ఆ డబ్బు నాన్న మందులకీ తర్వాత వేలూరు అప్పుకీ పోయింది, నెలకి 1,400 చొప్పున ఐదు నెలలకి 7 వేలు, చీటీ పాడి కట్టేద్దామంటే భర్త ఒప్పుకోవడం లేదు, ఏది కరెక్టు? ఈ డిసెంబరు 31న సాక్ష్యం (ఏడాదిలో దేవుడు చేసిన మేలు అందరి ముందు) చెప్పమని పాస్టరు గారు అడిగారు, ఏం చెప్పను? మళ్లీ కార్డు తీయాలంటే చెయ్యి వణుకుతోంది.

చెల్లెమ్మా,

మీరు అడిగినవి మూడే గానీ ఉత్తరంలో నాలుగోది ఉంది. ఐదో పేజీలో ఒక లైను రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు: "ఆ రాత్రి నేను నోరు తెరిచి ఉంటే నాన్న బతికేవారేమో." అక్కడ మొదలుపెడతాను. మిగతా ముడులన్నీ దానికే చుట్టుకున్నాయి.

"మీ తప్పేం లేదమ్మా" అని రాసేస్తే నాకు తేలిక. మీరు నమ్మరు. అందుకని ఉన్నదున్నట్టు చెబుతాను. మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం పక్షవాతం గుర్తులు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతమైతే, దాన్ని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపు పడాలి. మీరు ఇంటి నుంచి బయల్దేరేసరికి పది గంటలైంది. ఆ టైము దాటిపోయింది, నిజమే. (ఇది చదివే మిగతావాళ్లకి కూడా చెబుతున్నాను: ఇంట్లో ఎవరికైనా ఈ గుర్తులు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి. ప్రార్థన అంబులెన్సులో కూర్చుని చేసుకోవచ్చు.) కానీ ముందే వెళ్లి ఉంటే బతికేవారని ఏ డాక్టరూ మీకు రాసివ్వలేడు. రక్తనాళం చిట్లి రక్తం కారిన పక్షవాతమైతే ఆ ఇంజెక్షన్ అసలు ఇవ్వరు. గడ్డ వల్ల వచ్చినదైనా అందరికీ పనిచేయదు. మీకు దొరికేది "ఏమో" అన్న మాటే. దాంతో బతకడం కష్టం, అయినా "నేనే చంపుకున్నాను" అన్నదానికంటే అది నిజానికి దగ్గర.

ఇప్పుడు ఆ గదిలోకి ఇంకోసారి చూడండి. మీ అమ్మ భయంతో వణికిపోతోంది. ఆ అక్క తనకి తెలిసిన ఒక్క పని చేసింది. ఆవిడ దుర్మార్గురాలని నేను అనను. మీకు మాత్రం డౌట్ వచ్చింది, ఆ డౌట్ సరైనదే. మీరు మింగేసిన మాట వివేకం మీ నోట పెట్టిన మాట. మరి "సందేహం అడ్డుపడింది" అని ఆవిడ తర్వాత అన్నది పూర్తిగా తిరగబడిపోయింది కదా? మీ సందేహం బయటికి వచ్చి ఉంటే మీ నాన్న రాత్రి ఎనిమిదికల్లా హాస్పిటల్లో ఉండేవారు. దాన్ని బయటికి రానివ్వని భయం ఒకటుంది, అది మీరు ఒంటరిగా తయారు చేసుకున్నది కాదు. "మాత్ర మింగలేదు, డాక్టరు గడప తొక్కలేదు, దేవుడే ముట్టాడు" అన్న సాక్ష్యానికి మన కూడికల్లో చప్పట్లు పడతాయి. నేనూ కొట్టాను ఆ చప్పట్లు, చాలా ఏళ్లు.

మీ ఊళ్లో పెద్దవాళ్లకి తెలిసిన సంగతే, అయినా గుర్తు చేస్తాను. వేలూరు సీఎంసీ హాస్పిటల్ మొదలుపెట్టిన ఐడా స్కడర్‌కి మిషనరీ పని మీద మొదట ఇష్టమే లేదు. ఆమె తండ్రి మిషనరీ డాక్టరు. ఒకే రాత్రి మూడిళ్ల మగవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు, వచ్చి తమ భార్యలకి కాన్పు కష్టమైంది రమ్మని ఆమెని పిలిచారు. నాకు వైద్యం రాదు, నాన్నని తీసుకెళ్లండి అంటే మగ డాక్టరు వద్దన్నారు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆ రాత్రంతా ఐడా ప్రార్థన చేసింది. ఆ తర్వాత అమెరికా వెళ్లి డాక్టరు చదువు చదివి వచ్చి, 1900లో ఒకే ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. ఆటోలో మీ నాన్నని పడుకోబెట్టి వేలూరు దారి పట్టిన మీ ఆయనకి విశ్వాసం తక్కువని ఎవరైనా అంటే, నేను ఒప్పుకోను.

ఆ రాత్రి విషయంలో మీకు రెండు దారులున్నాయి. మీలోనే పెట్టుకోవచ్చు. అలా పెట్టుకుంటే అది నోటుబుక్కులోకి కారుతూనే ఉంటుంది, ఇప్పుడు జరుగుతున్నది అదే. లేదంటే దాన్ని దాని పేరుతో దేవుడి దగ్గర ఒకసారి చెప్పేయొచ్చు: "భయపడి నోరు మూసుకున్నాను." మీ దగ్గర ఒప్పుకోవడానికి ఉన్న సంగతి అదొక్కటే. గ్యాసు సిలిండరూ టైరూ కాదు. చెప్పాక మీ అమ్మతో మాట్లాడండి. ఆవిడే కదా ఆ అక్కని పిలిపించింది? ఆవిడ మనసులో కూడా ఇలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. "నువ్వు పిలిపించబట్టే" అని మొదలుపెడితే మాత్రం ఇల్లు రెండవుతుంది. "అమ్మా, నేను ఆ రాత్రి చెప్పలేకపోయాను" అని మీ వైపు నుంచి మొదలుపెట్టండి. ఏడుపవుతుంది. కానీయండి.

ఇక ఆ పేజీ. కళ్లద్దాలు పెట్టుకుని మరీ చదివాను. పదకొండు లైన్లున్నాయి. సెప్టెంబరు నెలాఖరు నుంచి నవంబరు నెలాఖరు దాకా రెండు నెలలు, అంటే అరవై రోజులు పైనే. మిగతా యాభై రోజులు ఏమయ్యాయి? అలారం మోగినా లేవని రోజు ఆ రెండు నెలల్లో ఒక్కటేనా? లేవకపోయినా ఏమీ కాని రోజులు ఎందుకు రాయలేదు? నాలుగుకి లేచి, గంట ప్రార్థన చేసి, ఆ రోజే స్కూల్లో మాట పడిన రోజు ఉండదా? మీరు పిల్లలకి లెక్కలు చెబుతారో తెలుగు చెబుతారో రాయలేదు గానీ, ఏ పిల్లవాడైనా కలిసొచ్చిన లెక్కలు మాత్రమే చూపించి "నాది కరెక్టు" అంటే మీరు మార్కులు వేస్తారా?

నా సంగతి ఒకటి చెబుతాను. ముప్పై ఏళ్ల కిందట ఒక ఉపవాసపు శుక్రవారం నేను మర్చిపోయి ఒక రస్కు తినేశాను. ఆ రోజే శ్రీకాళహస్తి బస్సులో పర్సు కొట్టేశారు. ఆ రెండింటినీ ముడిపెట్టుకుని ఎన్నేళ్లు శుక్రవారమంటే హడలిపోయానో చెబితే నవ్వుతారు. పర్సు కొట్టేసినవాడికి నా రస్కు సంగతి తెలియదు కదా అని ఒకరోజు బట్టలుతుకుతుంటే తట్టింది. ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మామిడి విషయానికి రండి. ధర ఎందుకు పడిందో మీ ఆయనకి నాకంటే బాగా తెలుసు. కాపు విపరీతంగా వచ్చింది. ఫ్యాక్టరీల్లో అంతకుముందు ఏడాది పల్ప్ అమ్ముడుపోక నిలవ ఉండిపోయింది. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలి, పైన 4 మేమిస్తాం అని ప్రభుత్వం ప్రకటించాల్సి వచ్చింది. బంగారుపాళ్యం యార్డులో నిలబడ్డ బళ్లలో దశమ భాగం కట్టినవాళ్ల కాయలున్నాయి, కట్టనివాళ్ల కాయలున్నాయి, ఆ మాటే ఎప్పుడూ విననివాళ్ల కాయలున్నాయి. మీ 1,400 రూపాయలు ఆగినందుకు జిల్లా మొత్తం తోతాపురి పడిపోయిందా? పైగా మీ ఉత్తరంలో తేదీలు చూడండి. ధర పడింది జూన్‌లో, మీరు కట్టడం ఆపింది జులైలో. తప్పు చేయకముందే శిక్ష వేసే న్యాయాధిపతిని మీరు ఎక్కడ చూశారు?

ఇదే ప్రశ్న యేసుప్రభువు దగ్గరికి కూడా వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతా యెరూషలేమువాళ్ల కంటే ఎక్కువ అపరాధులనుకుంటున్నారా, కాదు, అని ఆయనే అన్నాడు. లూకా 13లో ఉంది. గుడ్డివాణ్ని చూసి "ఎవరి పాపం, వీడిదా, వీడి కన్నవాళ్లదా" అని శిష్యులు అడిగినప్పుడు కూడా ఇద్దరిదీ కాదన్నాడు. శిష్యులు అడిగిన ఆ ప్రశ్ననే ఆ అక్క మీ చెవిలో వేసి వెళ్లింది. మీరు మూడు నెలలుగా దానికి జవాబు వెతుకుతున్నారు.

మీ మొదటి ప్రశ్నకి వస్తాను. ప్రేమ మీద నమ్మకం నిలవడం లేదన్నారు. ఉత్తరమంతా చదివితే నాకు అర్థమైంది ఏంటంటే, మీరు దేవుడి ప్రేమని రోజూ సాయంత్రం కొలుస్తున్నారు. ఆ రోజు బాగుంటే ప్రేమించాడు, పాడైతే మానేశాడు. జ్వరం చూసే థర్మామీటరులాగా. అలా కొలిస్తే ఎవరి ప్రేమా నిలవదు. మీ ఆయన లోడు ఆలస్యమై చిరాగ్గా వచ్చిన రాత్రి, కంచం ముందు మాట్లాడకుండా తిని పడుకుంటే, "ఈయనకి నేనంటే ఇష్టం లేదు" అని రాసుకుంటారా? రాసుకోరు. ఆ మనిషేంటో మీకు ఇదివరకే తెలుసు. తెల్లవారి ఐదుకి ఒక్క మాట అడక్కుండా మీ నాన్నని రెండు చేతులతో ఎత్తుకున్న మనిషి ఆయన. దాని పక్కన చిరాకు ఎంత?

మన విశ్వాసం దేవుడి ప్రేమకి చూపించే రుజువు సిలువ. మనం ఇంకా పాపులమై ఉండగానే క్రీస్తు మనకోసం చనిపోయాడు, దేవుడి ప్రేమ తెలిసేది అందులోనే అని పౌలు రోమా పత్రికలో రాశాడు. అది జరిగిపోయిన సంగతి. ఇవాళ మీరు నాలుగుకి లేచినందుకు అది కొత్తగా జరగదు, లేవనందుకు వెనక్కి పోదు. ఇది మీకు తెలియనిది కాదు, సండే స్కూల్లో ఫ్లానెల్ బొమ్మలు అంటించి మరీ చెప్పే ఉంటారు. తెలిసింది ఒంట్లోకి దిగడానికి టైము పడుతుంది. అది దిగేదాకా "నాకు ప్రేమ తెలియడం లేదు" అని ఆయనతోనే అనొచ్చు. 88వ కీర్తన చదవండి, చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. చివర్లో స్తుతి లేదు. దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసేయలేదు.

లాజరు జబ్బు పడినప్పుడు అతని అక్కచెల్లెళ్లు మార్త, మరియ యేసుకి పంపిన కబురు గుర్తుందా? "నీవు ప్రేమించువాడు రోగియైయున్నాడు" అన్నారు. లాజరు ఎంత భక్తిపరుడో, ఎన్ని కానుకలిచ్చాడో ఆ కబురులో లేదు. యేసు వారిని ప్రేమించాడని యోహాను రాసి, ఆ వెంటనే, ఆయన కబురు విని కూడా ఉన్నచోటే రెండు రోజులు ఉండిపోయాడని రాశాడు. ఆ రెండు రోజులు నాకు ఇప్పటికీ మింగుడుపడవు. నలభై ఏళ్లుగా ఎంతోమంది ప్రసంగీకులు వివరించగా విన్నాను, ఎవరి వివరణా పూర్తిగా సరిపోలేదు. కానీ ఒకటి కనిపిస్తుంది. మార్త వచ్చి "నువ్వు ఇక్కడ ఉంటే నా తమ్ముడు చావకపోవును" అంది. మరియ వచ్చి అదే మాట అంది. ఇద్దరిలో ఎవరినీ "మీ సందేహం అడ్డుపడింది" అని ఆయన అనలేదు. ఒకరితో మాట్లాడాడు, ఇంకొకరి కన్నీళ్లు చూసి తనే ఏడ్చాడు. మీ నాన్న సమాధి దగ్గర ఆయన ఆ అక్కలాగా నిలబడి ఉన్నాడని మీరెందుకు అనుకోవాలి?

బీరువా మీది కార్డు తీసేయొద్దు. కాకపోతే ఆ వాక్యం చుట్టూ ఉన్నది కూడా చదవండి. అది బబులోనుకి చెరపట్టబడి పోయినవాళ్లకి యిర్మీయా పంపిన ఉత్తరంలోది. మీ కార్డు మీద ఉన్నది పదకొండో వచనం. పదో వచనంలో డెబ్బై ఏళ్లు పడుతుందని ఉంది. "రెండేళ్లలో అంతా సర్దుకుంటుంది" అని అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త చెబితే, జనానికి అదే నచ్చింది. యిర్మీయా మాత్రం ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, వాటి కాయలు తినండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి అని రాశాడు. కష్టం పోతుందని కాదు, కష్టం ఉన్న ఊళ్లోనే బతకమని. కార్డు వేసేవాళ్లకి అంత రాయడానికి జాగా ఉండదు. అది మీ ఏడాది జాతకం అనుకుని తెచ్చుకున్నారు గనుక అది అబద్ధమైనట్టు అనిపించింది.

దశమ భాగం గురించి ఎక్కువ చెప్పను. దశమ భాగం మందిరానికి తెమ్మనే మలాకీ 3:10 వినని విశ్వాసి ఉండడు. మార్కు 7 అంతగా వినపడదు. తల్లిదండ్రులకి ఉపయోగపడాల్సిన డబ్బుని "కొర్బాను, దేవుడికి ఇచ్చేశాను" అని చెప్పి వాళ్లని వదిలేసినవాళ్లని యేసు గట్టిగా తప్పుపట్టాడు. మీరు చేసింది దానికి సరిగ్గా ఎదురు. ఆ డబ్బు మీ నాన్న మందులకి వెళ్లింది. చీటీ పాడి 7 వేలు కట్టారనుకోండి: పాట నష్టం మీది, కౌలు కట్టాల్సిన నెలలో భర్తతో గొడవ, పైగా వచ్చే నెల ఏదైనా జరిగితే "ఆలస్యంగా కట్టినందుకు" అని ఇంకో లైను. అసలు ఇవ్వడమే మానేస్తే అదీ మీకు పడదు, మీ మనస్తత్వం నాకు తెలుస్తోంది. మధ్యలో ఒకటుంది. భర్తతో కూర్చుని, అప్పు తీరేదాకా ఇంత అని ఒక మాట అనుకోండి, అది 200 అయినా సరే. సణుగుకోకుండా, బలవంతం లేకుండా, మనసులో నిశ్చయించుకున్నది ఇమ్మని పౌలు కొరింథీయులకి రాశాడు. పాత బాకీ అన్న మాట ఆ పత్రికలో నాకు ఎక్కడా కనపడలేదు. పాస్టరు గారికి ఒకసారి చెప్పండి, లెక్క చెప్పడానికి కాదు, ఆయనకి మీ ఇంటి పరిస్థితి తెలియాలని. ఆయన అర్థం చేసుకుంటే మంచిది. బాకీ గురించే మాట్లాడితే, ఆ సంగతి కూడా మీకు తెలిసినట్టవుతుంది.

31 రాత్రి. వద్దని చెప్పేయొచ్చు. "ఈ ఏడాది నాకు వద్దండి" అంటే సరిపోతుంది, కారణం చెప్పక్కర్లేదు. మహా అయితే నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటారు, సంక్రాంతికి మర్చిపోతారు. లేదా అందరూ చెప్పినట్టే "కాచి కాపాడాడు, మేలులు చేశాడు" అని చెప్పి దిగిపోవచ్చు. గొడవ ఉండదు, కానీ ఇంటికొచ్చి ఆ రాత్రి నిద్రపోరు మీరు. మూడోది, నిజం చెప్పడం. నాలుగు మాటలు చాలు: నాన్న పోయారు, మామిడి పోయింది, నాకు ఎందుకో తెలియలేదు, ఈ రాత్రి మందిరానికి వచ్చాను. ఆ అక్క పేరు, ఆ రాత్రి నూనె సంగతి మైకులో వద్దు. అవి చెబితే సాక్ష్యం పోయి పంచాయతీ అవుతుంది. నిజం చెబితే కొందరు మొహం చిట్లిస్తారు. ఇంకొందరు కూడిక అయ్యాక చెప్పుల దగ్గర మీ చెయ్యి పట్టుకుంటారు, వాళ్ల ఇళ్లలోనూ ఈ ఏడాది ఏదో జరిగే ఉంటుంది. కార్డు తీయడం మీ ఇష్టం. తీయకపోతే బైబిల్లో వాక్యాలేమీ తగ్గవు.

ఆ అక్కతో ఏం చేయాలో మీరు అడగలేదు. అయినా ఒక మాట. ఆవిడ మళ్లీ "సరిచూసుకో" అంటే, "అక్కా, ఆ సంగతి దేవుడికీ నాకూ వదిలేయండి" అని లేచిపోండి. వాదించొద్దు. ఇక ప్రార్థన కోసం ఆవిడ్ని ఇంటికి పిలవకపోతే ఏమవుతుందని భయపడుతున్నారు కదా, ఏడో పేజీలో. ఏమీ కాదు. శాపం పెట్టే అధికారం ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు.

స్కూటీ ప్రార్థన మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. ఒక మాట తప్పితే మళ్లీ మొదటినుంచి, హారన్ మోగితే మళ్లీ మొదటినుంచి, పైగా రాత్రి పన్నెండు దాటాక పడుకుని నాలుగుకి అలారం. ఇది భక్తి ఎక్కువై వచ్చింది అనుకోకండి. ఆందోళన ఒక హద్దు దాటితే ఇలా ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయిస్తుంది. దానికి వైద్యముంది. 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వ ఉచిత సేవ, తెలుగులోనే మాట్లాడతారు. చిత్తూరులో అయినా మా తిరుపతిలో అయినా మానసిక వైద్యుల్ని చూపించుకోవచ్చు. ఒకసారి హాస్పిటల్ మాట మింగేసినందుకే కదా ఇంత బాధపడుతున్నారు, ఈసారి మీ కోసం మింగొద్దు. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఒక చిన్న పని: స్కూటీ దగ్గర ప్రార్థన బాబుని చేయమనండి. వాడు ఎంత చేస్తే అంత, ఒక్క వాక్యమైనా సరే. వాడు ఆమేన్ అన్నాక కీ తిప్పండి. మొదటి నాలుగు రోజులు గుండె దడదడలాడుతుంది. హారన్ మోగినా పోనివ్వండి. అలారం అయిదున్నరకి మార్చుకోండి. చచ్చిపోవాలనిపించి చెట్టు కింద పడుకున్న ఏలీయా ప్రవక్తకి దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చింది. ప్రార్థన చేయమని లేపలేదు.

నోటుబుక్కు కాల్చేయమని అనను. కాల్చిన మర్నాడే ఇంకోటి మొదలుపెడతారు. ప్రతి లైను పక్కన "ఈ మాట నాకు ఎవరు చెప్పారు?" అని మాత్రం రాసుకుంటూ పోండి. ఎన్ని చోట్ల దేవుడి పేరు వస్తుందో, ఎన్ని చోట్ల మనుషుల పేర్లు వస్తాయో మీరే చూసుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్లండి.

చివరగా, ఎనిమిదో పేజీ. నాన్న పోయిన మూడో రోజు మీ అత్తగారు గిన్నెలో రాగి సంగటి, చెనక్కాయల చట్నీ తెచ్చి, మీ పక్కన గోడకి ఆనుకుని కూర్చుని, మీరు తినేదాకా ఒక్క మాట మాట్లాడలేదని రాశారు. ఆ తర్వాత ఆ అక్క మాట విని ఆవిడ ఇంట్లో తినడం మానేశారు, అక్టోబరులో కోప్పడ్డారు కూడా. ఆవిడ వినాయకుణ్ని నమ్మడం, మీరు యేసుని నమ్మడం పెళ్లినాటి నుంచి ఉన్నదే. ఆవిడకి మీరు క్షమాపణ చెబితే మీ విశ్వాసం ఏమీ కరిగిపోదు, చెప్పకపోతే మీ ఆయన ఇద్దరి మధ్యా నలిగిపోతాడు. ఎలా చెప్పాలో తెలియడం లేదంటే మీ ఉత్తరంలోనే దారి ఉంది. ఆ గిన్నె ఇంకా మీ వంటింట్లోనే ఉందన్నారు. మన వైపు ఖాళీ గిన్నె తిరిగి పంపరు కదా. క్రిస్మస్‌కి ఏం వండినా, ముందు అందులో వేసి, బాబుతో పంపకుండా మీరే తీసుకెళ్లండి.